పోలిక బర్రె

ఎర్రమిట్టపాలెం పశువుల ఆసుపత్రి డాక్టరు జిలానీ చేసిన పొరపాటు ఒక్కటే. ఆయన పై అధికారులకు ఒక ఉత్తరం రాశాడు.

అది ఫిర్యాదు కాదు, బదిలీ కోసం విన్నపమూ కాదు. ఆ ఏడాది వానలు ముందే దంచికొట్టి, బీళ్ళలో నీళ్ళు నిలిచి, ఊళ్ళో గేదెలన్నిటికీ నట్టలు పట్టుకున్నాయి. నట్టలంటే పశువు పేగుల్లో కాపురం పెట్టి, అది తిన్న మేత తాము తినే పురుగులు. జిల్లా నుంచి రావలసిన నట్టల మందు రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, గొర్రెల కాపరులు చేసినట్టు జిలానీ కూడా మోదుగ గింజలు నూరి నాలుగు గేదెలకు తాగించాడు. తాగించక ముందు పేడ, తాగించాక పేడ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. నట్టల గుడ్లు పావువంతుకు పడిపోయాయి. ఆయనకు ఆనందమైంది. ఆ ఆనందంలో రెండు పేజీలు రాసి, చివర "దీనిపై మరింత పరిశీలన అవసరం" అని ముగించి పోస్టులో వేశాడు.

ఆ చివరి మాట రాయకుండా ఉంటే ఈ కథ లేదు.

ఉత్తరం రాజధాని చేరే వేళకు శాఖలో ప్రత్యేకాధికారి చిదంబరరావుగారు ఒక సదస్సు నుంచి అప్పుడే తిరిగి వచ్చారు. ఆయన మంచివాడు, ఉత్సాహవంతుడు. వీణ వింటే గేదెలు పాలెక్కువ ఇస్తాయని అంతకు ముందు ఏడాది ప్రతి పశువుల ఆసుపత్రికీ ఒక రేడియో పంపించిన ఘనత ఆయనదే. (ఎర్రమిట్టపాలెం రేడియోలో జిలానీ వార్తలు వింటూ ఉండేవాడు.) ఈసారి సదస్సులో ఆయన మొక్కల రసాల మీద ఏడు ఉపన్యాసాలు విన్నారు. విన్న చెవులు ఇంకా చల్లారకముందే జిలానీ ఉత్తరం బల్ల మీద కనిపించింది. వారం తిరిగేసరికి "వృక్షసార నట్ట నివారణ మహోద్యమం" పుట్టింది. దాని మొదటి పరిశీలనకు ఎర్రమిట్టపాలెం ఎంపికైంది.

పాలకేంద్రం ముందు సభ పెట్టారు. రైతులు గేదెలను తోలుకొచ్చారు. జిల్లా నుంచి వచ్చిన అధికారి కాగితం తీసి చదివాడు. "పది పశువులను ఎంపిక చేయవలెను. అందు అయిదింటికి వృక్షసారము, తక్కిన అయిదింటికి ఔషధరాహిత్యము కల్పించవలెను."

ఔషధరాహిత్యం అంటే ఏమిటని రైతులు అడిగారు. ఏ మందూ పొయ్యకపోవడమని జిలానీ చెప్పాడు. అందరూ లేచి పలుపులు విప్పుకుని ఇళ్ళకు బయలుదేరారు. అధికారి కంగారుపడి అయిదును మూడు చేశాడు, మూడును ఒకటి చేశాడు. "సంఖ్య ప్రధానము కాదు, సూత్రము ప్రధానము" అన్నాడు. సరే, ఆ ఒక్కటి ఎవరిది? ఎవరికి వాళ్ళు తమ చెప్పులు చూసుకుంటూ నిలబడ్డారు. అంతలో ఎవరో పేరమ్మ సభకు రాలేదని గుర్తుచేశారు.

పేరమ్మ రాకపోవడానికి కారణం ఆమె గడ్డి కోసుకోవడానికి పక్కూరి గట్ల మీదికి వెళ్ళడమే. ఆమెకున్నది ఒకే గేదె. దాని పాలు తోడుపెట్టి, పెరుగు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మి బతుకుతుంది. మొగుడు లారీ మీద డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజులకన్నా రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. సభ ఆమె గేదెను ఏకగ్రీవంగా ఎన్నుకుని చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఆమె గడ్డిమోపు ఆసుపత్రి గుమ్మం ముందే దించింది.

"ఏంది డాట్రయ్యా, నా బర్రెను ఏందో చేశారంటగా?"

"ఏం చెయ్యలేదు పేరమ్మక్కా. ఏమీ చెయ్యకుండా ఉండటానికే ఎంచుకున్నారు."

"ఏం చెయ్యకుండా ఉండేదానికి ఎంచుకోవడం దేనికి? మొన్నటిదాకా ఎవురూ ఏం చెయ్యలేదు గదా!"

జిలానీ ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. మందు తాగిన గేదెలకు నట్టలు పోయాయనుకో. మందువల్లే పోయాయని రుజువేమిటి? ఎండలు ముదిరి వాటంతట అవే పోయి ఉండొచ్చు. అందుకని ఒక గేదెకు మందు పొయ్యకుండా పక్కన పెట్టుకుని, దీన్నీ వాటినీ పోల్చి చూస్తారు. దీన్ని పోలిక పశువు అంటారు. రుజువైతే ఆ మోదుగ గింజలు మందు అందని ప్రతి ఊరికీ పనికొస్తాయి. తొంభై రోజులయ్యాక దీనికీ మందు పోస్తారు.

పేరమ్మ అంతా విన్నది. "నువ్వు చెప్పేదాంట్లో తప్పేం లేదులే" అన్నది. లేచి మోపు ఎత్తుకోబోతూ ఆగింది. "అయితే ఆ తొంభై దినాలు నా బర్రె కడుపులో ఉండే నట్టలు ఎవురివి? నావా, గవుర్మెంటువా?"

జిలానీ ఒక చెయ్యి వేసి మోపు ఆమె నెత్తికెత్తాడు. జవాబు నాలుగో రోజున జిల్లా నుంచి వచ్చింది. రేకు మీద తెల్లరంగు వేసి, ఎర్రక్షరాలతో రాసి పంపారు: "ప్రభుత్వ పోలిక పశువు. ఔషధము ఇచ్చుట నిషిద్ధము. అతిక్రమించినవారు శిక్షార్హులు." అటెండరు సుబ్బారాయుడు దాన్ని పేరమ్మ కొట్టం గుంజకు మేకులతో కొట్టాడు.

"చెప్పలా? గవుర్మెంటువే" అన్నది పేరమ్మ.

తొమ్మిది గేదెలకు సీసాల్లో వచ్చిన వృక్షసారం తాగించారు. ఆ సీసాల్లో మోదుగ గింజల కషాయమే ఉంది. వాసన చూసి జిలానీ తృప్తిపడ్డాడు. తన మాట ఒక సీసా అయి, లేబులు అంటించుకుని తన ఊరికే తిరిగి రావడం ఏ ఉద్యోగికి రోజూ జరిగేది కాదు.

ఆ వెనకే మొదటి ఉత్తర్వు వచ్చింది. "విషయము: పోలిక పశువు – ఆహార నియమావళి గురించి. సదరు పశువు నట్ట నివారణ గుణములు గల ఏ వృక్షజాతినీ భుజింపకుండ తగు చర్యలు గైకొనవలెను. అట్టి వృక్షజాతుల జాబితా జతపరచడమైనది." జాబితాలో అరవై నాలుగు పేర్లున్నాయి. వేప, మోదుగ, సీతాఫలం, బొప్పాయి, తుమ్మ, మునగ అన్నీ ఉన్నాయి. రాసిన గుమాస్తా కూడా ఉత్సాహవంతుడే కాబోలు, చివర్లో గరికను కూడా చేర్చాడు. ఎర్రమిట్టపాలెంలో పచ్చగా ఉన్నదేదీ ఆ జాబితాకు బయట లేదు.

ఇక ఆ గేదెకు ఎండు వరిగడ్డి ఒక్కటే మిగిలింది. దారిలో దేనికైనా మూతి పెడుతుందేమోనని మూతికి చిక్కం కట్టమన్నారు. కట్టారు.

పేరమ్మ ఇంటి ముందు పెద్ద వేపచెట్టు ఉంది. గాలి వీస్తే ఆకులు కొట్టంలోకి రాలతాయి. జిలానీ ఆ సంగతి రాయకుండా ఉండాల్సింది, కానీ ఆయన ఉన్నదున్నట్టు రాసే మనిషి. చెట్టు కొట్టేయమని ఒక ఉత్తర్వు వచ్చింది. చెట్టు కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలని ఇంకొకటి వచ్చింది. గేదెను వేరేచోట కట్టేస్తామంటే, పోలిక పశువు చిరునామా రికార్డులకు ఎక్కినందున మార్చ వీలుపడదని మూడోది వచ్చింది. చివరికి గేదె నెత్తిన టార్పాలిన్ పట్టా కట్టించి, దాని కింద చీపురుతో సుబ్బారాయుణ్ణి కూర్చోబెట్టారు. ఆయనకు ఇంకో రెండేళ్ళు సర్వీసుంది. సూదులు మరగబెట్టడం, గేదెల తలలు పట్టుకోవడం తప్ప ఇంకో పని ఎరగడు. ఇప్పుడు ఆయన చేతికి ఒక రిజిస్టరు కూడా వచ్చింది. దాంట్లో రెండే గడులు: "రాలిన ఆకులు", "నోట పడినవి". మొదటి గడిలో రోజూ వందల్లో అంకెలుండేవి. రెండో గడిలో సున్న ఉండేది.

నలభై రోజులు గడిచాయి. జిలానీ వారం వారం పది గేదెల పేడా పరీక్షించాడు. మందు తాగిన తొమ్మిదింటిలో గుడ్లు దాదాపు మాయమయ్యాయి. బొచ్చు నిగనిగలాడుతోంది. రైతులు దారిలో కనిపిస్తే "మా బర్రె లెగిసిపోయి దూకతాంది సారూ" అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు కడుపు నిండేది. పేరమ్మ ఇంటి ముందు నుంచి వెళ్ళవలసి వచ్చినప్పుడు మాత్రం చుట్టుదారిన వెళ్ళేవాడు.

పదో గేదె పేడలో గుడ్లు లెక్కకు అందడం లేదు. అది చిక్కి బొమికలు తేలింది. దవడ కింద నీరు దిగి సంచీలా వేలాడుతోంది. పాలు తగ్గాయి. పేరమ్మ తట్టలో పెరుగు పలచబడింది. అలవాటుగా పోయించుకునేవాళ్ళు ముంతలు లోపల పెట్టేసుకుంటున్నారు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. జిలానీ ఇంటికి మాత్రం రోజూ వచ్చి, అడక్కుండానే గరిటెడు పెరుగు పోసి పోయేది.

"వద్దక్కా, నీకే లేదు."

"తిని చూడు డాట్రయ్యా. ఎట్టుండాదో నువ్వు తెలుసుకోవాల గదా."

అది పెరుగులా లేదు, తెల్ల నీళ్ళలా ఉంది. ఆ రోజే జిలానీ పైకి రాశాడు. తేడా స్పష్టంగా తేలిపోయింది కనుక పోలిక పశువుకు వైద్యం చేయడానికి అనుమతి ఇప్పించమని కోరాడు.

జవాబు ఆరు రోజులకు వచ్చింది. "సదరు పశువు యొక్క అస్వస్థత పథక విజయమునకు అత్యావశ్యకము. కావున అట్టి అస్వస్థతను తొంభైయవ దినము వరకు భద్రముగా కాపాడవలెను. సదరు పశువు కోలుకొన్నచో తమరి నుండి వివరణ కోరబడును. మరణించినచో సంజాయిషీ కోరబడును."

జిలానీ ఆ కాగితాన్ని ఫైలులో గుచ్చాడు. గేదెలను బతికించడం ఎలాగో కాలేజీలో నేర్పారు. చావకుండా, బాగుపడకుండా నిలబెట్టడం ఎలాగో ఏ పుస్తకంలోనూ లేదు.

యాభైయో రోజు పొద్దున చిదంబరరావుగారే స్వయంగా మూడు జీపులతో దిగారు. ఆయన నేరుగా పోలిక పశువు దగ్గరికే వచ్చి నమస్కారం పెట్టారు.

"ఇది కేవలము గేదె కాదు. ఇది ఒక ప్రమాణము!" అన్నారు వెంట వచ్చినవాళ్ళతో.

"పెమాణం సంగతి తర్వాత సారూ, దాని దవడ కింద ఒకసారి చూడండి" అన్నది పేరమ్మ. "నీళ్ళు దిగినయ్యి."

ఆయన వంగి చూశారు. వేలితో నొక్కి చూశారు. మొహం వెలిగిపోయింది. "అద్భుతము! ఎంత స్పష్టముగా ఉన్నది! ఏదీ, ఫొటోగ్రాఫరు ఎక్కడ?"

ఫొటోలు తీశారు. ఆయన చిన్న ఉపన్యాసం ఇచ్చి, శాస్త్రానికి ఈ మూగజీవి చేస్తున్న త్యాగం మరువలేనిదని చెప్పి, జీపులోంచి శాలువా తెప్పించి గేదె వీపు మీద కప్పారు. ఆ బరువుకే గేదె కాళ్ళు వణికాయి.

"శాలువా దేనికి సారూ దానికి? కాస్త మందు పొయ్యండి చాలు" అన్నది పేరమ్మ.

"అమ్మా, అది ఒక్కటి తప్ప ఏదైనా కోరుకో" అన్నారాయన, నిజంగానే దయగా.

జిలానీ జీపు దాకా ఆయన వెంట నడిచాడు. "సార్, తొంభై రోజులంటే అది బతకదు. తెలుసుకోవాల్సింది ఇప్పటికే తెలిసిపోయింది గదా."

"జిలానీ గారూ, ఫలితము తెలియుట వేరు, ఫలితము పూర్తియగుట వేరు. ప్రణాళికలో తొంభై దినములని ఉన్నది. యాభైయవ దినమున తెలిసిన సత్యము తొందరపాటు సత్యము." భుజం తట్టి జీపెక్కారు.

మర్నాడు తెల్లవారగానే గేదె లేవడం లేదని జిలానీకి కబురందింది. ఆయన ఇంట్లో నానబెట్టి ఉంచిన మోదుగ గింజల పొట్టు తీసి, నూరి, బెల్లంనీళ్ళలో కలిపి, సీసాలో పోసుకుని, సంచిలో దాచుకుని బయలుదేరాడు. వాటిని నానబెట్టింది ముందురోజు జీపులు వెళ్ళిన సాయంత్రమే. సుబ్బారాయుణ్ణి ఏదో పని మీద పంపించెయ్యాలని దారిపొడవునా సాకులు వెతుక్కుంటూ నడిచాడు.

కొట్టంలోకి వంగి చూస్తే చిక్కం విప్పేసి ఉంది. పేరమ్మ గేదె తల ఎత్తి పట్టుకుని ఉంది. సుబ్బారాయుడు వీపు ఇటు పెట్టి, వెదురు గొట్టంతో పచ్చటి రసం దాని గొంతులో పోస్తున్నాడు.

అడుగుల చప్పుడు విని ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఎవురది? నిలబడి చూడకపోతే వచ్చి ఆ కొమ్ము పట్టుకోరాదా?" అన్నాడు.

జిలానీ వచ్చి కొమ్ము పట్టుకున్నాడు.

సుబ్బారాయుడు తల తిప్పి చూసి రాయిలా అయిపోయాడు. గొట్టం దించకుండానే, "ఆకులు రాలినయ్యి సార్" అన్నాడు.

"గొట్టంలోకా?"

"గాలి ఎక్కువగా ఉండాది సార్."

"ఈయన్నేం అనబాక డాట్రయ్యా" అన్నది పేరమ్మ. "నేనే అడిగినా. ఈయన మాత్రం ఎన్నాళ్ళు చూస్తాడు, కళ్ళెదురుగా చస్తా ఉంటే."

జిలానీ గొట్టం తీసుకుని వాసన చూశాడు. "ఒట్టి వేపాకు రసం. దీంతో ఏమవుతుంది? సుబ్బారాయుడూ, జరుగు." సంచిలోంచి సీసా తీశాడు.

పేరమ్మ ఆ సీసా వైపూ, ఆయన మొహం వైపూ చూసింది. నలభై ఏళ్ళుగా అడవి పిల్లిలా ఎవరికీ లొంగని ఆ మనిషి కళ్ళు గబుక్కున నిండాయి. కొంగుతో మొహం తుడుచుకుని గేదె తల ఇంకాస్త ఎత్తింది. ముగ్గురూ కలిసి చుక్క వృథా పోకుండా తాగించారు.

"రిజిస్టరులో ఏం రాయమంటారు సార్?" అన్నాడు సుబ్బారాయుడు మెల్లిగా.

"ఇటివ్వు." జిలానీ రెండు గడులకూ అడ్డంగా రాశాడు: "పోలిక పశువు ప్రాణాపాయ స్థితిలో ఉన్నందున నేనే మోదుగ గింజల మందు తాగించాను. బాధ్యత నాది." కింద సంతకం పెట్టాడు.

"ఉద్యోగం తీసేస్తారేమో" అన్నది పేరమ్మ.

"తీసేస్తే నీ పెరుగు తట్ట మోస్తాలే అక్కా."

"నువ్వా? మూడు వీధులు తిరిగేలోపల ఊరంతటికీ అప్పనంగా పోసేస్తావు. నీకు తట్ట ఇయ్యను" అన్నది ఆమె.

గేదె అయిదో రోజుకు లేచి నిలబడింది. పదో రోజుకు దవడ కింద వాపు తీసేసింది. తొంభైయో రోజున దాని పేడలో వెతికినా ఒక్క గుడ్డు కనబడలేదు. పెరుగు మళ్ళీ గరిటె నిలబడేంత గట్టిగా తోడుకుంది.

జిలానీ తుది నివేదిక పంపాడు. పట్టికలో ఉన్నదున్నట్టు నింపాడు. వెంట నాలుగు పేజీల ఉత్తరం జతచేసి, తాను మందు పోసిన సంగతి, ఏ రోజు, ఎంత, ఎందుకు అన్నీ రాశాడు. పట్టిక అక్కడే ఉండిపోయింది. ఉత్తరం తిరిగి వచ్చింది. "నిర్ణీత నమూనాలో అంకెలు మాత్రమే స్వీకరించబడును. అక్షరములు స్వీకరించబడవు. రిజిస్టరులో గడులకు అడ్డముగా రాసిన రాతలు పరిగణింపబడవు."

రాజధానిలో చిదంబరరావుగారు పట్టిక ముందు కూర్చున్నారు. మందు తాగిన తొమ్మిది గేదెలకు ఒకటీ అరా గుడ్లు మిగిలి ఉన్నాయి. ఏ మందూ తాగని పదో గేదెకు ఒక్కటీ లేదు. యాభై రోజుల దాకా అన్నిటికన్నా ఎక్కువ నట్టలతో ఉండి, అన్నిటికన్నా బాగా కోలుకున్నది అదే. ఆయన మళ్ళీ చూశారు. కూడిక తీసివేతలు చేయించారు. అంకెలు మారలేదు. ఇక శాస్త్రజ్ఞుడికి మిగిలింది ఒప్పుకోవడమే.

నెల తిరగకముందే వృక్షసారం సీసాలు వెనక్కి తెప్పించారు. "నిరౌషధ నట్ట నివారణ మహోద్యమం" వెలువడింది. మందు ఇవ్వకపోవడమే మేలైన మందు అని తేలింది కనుక, ప్రతి పశువైద్యుడూ నెలకు రెండు వందల పశువులకు మందు ఇవ్వకుండా ఉండాలని లక్ష్యం పెట్టారు. ఇవ్వని మందును ఇవ్వని తేదీ, వేళతో సహా నమోదు చేయాలి.

ఆ ఉత్తర్వు జిలానీకీ చేరింది. తన ఉద్యోగం సంగతి కాదు, మోదుగ గింజల సంగతి ఆయన్ను కుదిపింది. మందు అందని ఊళ్ళన్నిటికీ ఆ కాస్త ఆధారమూ పోతోంది. రాత్రి బస్సెక్కి రాజధానికి వెళ్ళి, ఉదయం చిదంబరరావుగారి గదిలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"సార్, ఆ గేదెకు నేను మందు పోశాను. యాభై ఒకటో రోజున. నా మీద చర్య తీసుకోండి, ఈ పథకం మాత్రం ఆపించండి."

ఆయన ఫైలు మూసి, జిలానీని తేరిపార చూశారు. ఆ చూపులో కోపం లేదు, వాత్సల్యం ఉంది. "మీ వినయము గురించి విన్నాను. ఇంత గొప్ప ఆవిష్కరణ ఘనతను ఒక గింజకు అంటగట్టి తప్పుకొనజూచుట మీ వంటివారికే చెల్లును."

"వినయం కాదు సార్, నిజం."

"నిజమే అయినను," ఆయన గొంతు తగ్గించారు, "ఈ పథకముపై పుస్తకము ముద్రణకు వెళ్ళిపోయినది. అందులో మీ ఫొటో కూడ ఉన్నది."

అంతటితో ఊరుకోలేదు. మందు ఇవ్వకపోవడంలో రాష్ట్రం మొత్తానికీ అనుభవజ్ఞుడు ఒక్కడే కనుక, జిలానీనే ముఖ్య శిక్షకుడిగా నియమించారు.

మొదటి శిక్షణకు అరవై మంది పశువైద్యులు వచ్చారు. పొద్దున పదింటి నుంచి జిలానీ తలవంచుకుని, రాజధాని నుంచి పంపిన ఆ పుస్తకం చదివాడు. చేతులు ఎక్కడ ఉంచుకోవాలి, పశువు ముందు ఎంతసేపు ఊరికే నిలబడాలి, ఇవ్వని మందును ఎలా నమోదు చేయాలి. వింటున్నవాళ్ళలో కొందరు రాసుకున్నారు, కొందరు కునికారు. పదకొండున్నరకు పావుగంట తేనీటి విరామం ఇచ్చారు. వరండాలో ఆయన ఒంటరిగా కప్పు పట్టుకుని నిలబడి ఉంటే ఒక పెద్దవయసు డాక్టరమ్మ పక్కకు వచ్చింది.

"జిలానీ గారూ, ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. ఊరికే నట్టలు పోవడం నేనెప్పుడూ చూడలా. నిజం చెప్పండి, ఆ గేదెకు ఏం పోశారు?"

ఇన్నాళ్ళకు ఒక మనిషి ఆ ప్రశ్న అడిగింది. జిలానీ కప్పు గోడ మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. గింజలు ఎప్పుడు ఏరాలి, ఎంతసేపు నానబెట్టాలి, పొట్టు ఎందుకు తీయాలి, దూడకు ఎంత, చూడిపశువుకు ఎందుకు కూడదు. ఒకరి వెనక ఒకరు చేరి, అరవై మందీ గుంపుగా మూగారు. కునికినవాళ్ళు మునికాళ్ళ మీద నిలబడి విన్నారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

సాయంత్రం అందరికీ అభిప్రాయ పత్రాలు పంచారు. శిక్షణపై మీ సూచనలు అన్న చోట అరవై మందీ కూడబలుక్కున్నట్టు ఒకే మాట రాశారు: "విరామ సమయం చాలలేదు."

చిదంబరరావుగారు సూచనలను గౌరవించే మనిషి. వారంలోగా ఉత్తర్వు జారీ అయింది. "శిక్షణార్థుల ఏకగ్రీవ అభిలాషను పురస్కరించుకొని ఇకపై తేనీటి విరామమును పావుగంట నుండి మూడు గంటలకు పొడిగించడమైనది. శిక్షకులు పాఠమును పావుగంటలో ముగించవలెను."

జిలానీ ఆ ఉత్తర్వును రెండుసార్లు చదువుకున్నాడు. తన సర్వీసులో మొదటిసారి ఒక ఉత్తర్వును అక్షరం పొల్లుపోకుండా అమలు చేశాడు.